మీరు అడిగారు: కార్టూన్ సీరియళ్లకు క్యారెక్టర్ డిజైన్

ప్రశ్న: నా స్కెచ్‌బుక్ నిండా నేను ఊహించి గీసిన పాత్రలే. టీవీ కార్టూన్లకు క్యారెక్టర్ డిజైనర్ చేసేది కూడా ఇదేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఇది అందులో కొంతే. డైరెక్టర్ ఒక రూపం ఖాయం చేశాక మోడల్ షీట్ల పని, అంటే యానిమేటర్లందరూ ఆ పాత్రను ఒకేలా గీయడానికి చూసుకునే నమూనా బొమ్మల పని, మొదలవుతుంది. ముందు టర్న్ అరౌండ్, అంటే పాత్రను చుట్టూ తిప్పి చూపే షీటు: ఎదురుగా, ముప్పావు (ఎదురుకూ పక్కకూ మధ్య కోణం), పక్క, వెనక ముప్పావు, వెనక. ఐదు కోణాల్లోనూ కళ్లు, గడ్డం, మోచేయి, నడుము ఒకే అడ్డగీత మీదికి రావాలి. కొత్తవాళ్లు తడబడేది ముప్పావు కోణంలోనే. ఎదురుగా చుక్కలా పెట్టిన ముక్కు అక్కడ ఎలా కనిపించాలో తేల్చుకోకుండా షీటు ముగిస్తారు. ఆ తికమకంతా యానిమేటర్ నెత్తిన పడుతుంది.

తర్వాత హావభావాలు, చేతుల భంగిమలు, పగటి రంగులు, రాత్రి రంగులు, మిగతా పాత్రల పక్కన నిలబెడితే ఎత్తు ఎంతో చూపే షీటు. మాటలకు నోళ్లు విడిగా గీయాలి: ప, బ, మలకు మూసిన పెదవులు, ఫకు కింది పెదవి మీద పళ్లు, ఊ, ఓలకు సున్నా చుట్టిన నోరు, ‘ఆ’ అనడానికి బాగా తెరిచిన నోరు. ఎనిమిది, పది ఆకారాలతో టీవీ పని గడిచిపోతుంది.

సీరియల్ నడుస్తున్నంత కాలం ఎక్కువ పని చిల్లర పాత్రలదే. ఈ ఎపిసోడ్‌కు సోడాబండి వాడు, వచ్చేదానికి పోస్ట్‌మాస్టరు, హీరోకు వానకోటు. ఇవి విసుగనిపిస్తే ఈ ఉద్యోగం మీకు సరిపడదు.

ప్రశ్న: లంగా ఓణీ వేసుకున్న అమ్మాయిని డిజైన్ చేశాను. లంగా మీద బుటాలు తీసేయమన్నారు, ఓణీ కూడా వద్దన్నారు. మన కట్టు అంటే అంత చులకనా?
– అనంతపురం

జవాబు: చులకన కాదు, లెక్క. 11 నిమిషాల ఎపిసోడ్, సెకనుకు 25 ఫ్రేములు అనుకోండి: 16,500 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 8,250 బొమ్మలు. మీ అమ్మాయి అందులో సగం సేపు తెర మీద ఉంటే నాలుగు వేల పైచిలుకు. లంగా మీద 40 బుటాలుంటే చేత్తో గీసే పద్ధతిలో లక్షా అరవై వేల బుటాలు వేయాలి. వేసినా బొమ్మ బొమ్మకూ వెంట్రుకవాసి జరిగి, తెర మీద బట్టంతా చీమలు పాకినట్టు కదులుతుంది.

ఓణీ సంగతి వేరు. కటౌట్ పద్ధతిలో శరీరాన్ని ముక్కలుగా విడదీసి కీళ్ల దగ్గర కలుపుతారు. పాత్ర ఇటు తిరగాలంటే చాలాసార్లు ఆ బొమ్మనే అద్దంలో చూపినట్టు తిప్పేస్తారు. అప్పుడు ఎడమ భుజం మీది ఓణీ కుడి భుజానికి దూకుతుంది. పక్కపాపిడికీ, ఒక భుజానికి తగిలించిన సంచికీ ఇదే గతి. తప్పించాలంటే రెండో వైపుకు వేరే రిగ్ (కీళ్లతో కలిపిన ఆ ముక్కల బొమ్మ) కట్టాలి, అంటే అదనపు ఖర్చు.

ఓణీని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. ముఖ్యపాత్ర అయితే రెండు రిగ్‌లు అడగడం న్యాయమే. బుటాల బదులు ఒకే రంగు వెడల్పు అంచు పెట్టండి. గుర్తుపట్టడానికి జడ, లంగా ఘేరు చాలు: బొమ్మను మొత్తం నల్లగా నింపి చూడండి, అప్పుడూ ఎవరో తెలియాలి. నగలను పనిలో పెట్టండి. 1958లో టీవీకి వచ్చిన యోగీ బేర్ ఎలుగుబంటికి డిజైనర్ ఎడ్ బెనెడిక్ట్ కాలరు, టై తగిలించాడు. ఒళ్లు కదలకుండా తల మాత్రమే మార్చినా అతుకు ఆ కాలరు వెనక దాగిపోయేది. మీ అమ్మాయి మెడలో కంటె, మణికట్టుకు గాజులు అదే పని చేస్తాయి.

ప్రశ్న: పోర్ట్‌ఫోలియోలో ఎన్ని బొమ్మలుండాలి?
– విజయవాడ

జవాబు: 10, 12 పేజీలు చాలు. ఒక పాత్రకు పూర్తి మోడల్ ప్యాక్ (పైన చెప్పిన షీట్లన్నీ కలిపి), ఒక కుటుంబాన్ని వరసగా నిలబెట్టిన షీటు, ఆ స్టూడియో తీసే సీరియల్ శైలిలో మీరు కొత్తగా కల్పించిన రెండు చిల్లర పాత్రలు. చేతులన్నీ వీపు వెనక దాచిన బొమ్మలు పంపితే మీకు చేతులు గీయడం రాదని వెంటనే పసిగడతారు.

ప్రశ్న: నేను గీసిన పాత్ర మీద హక్కు నాదేనా?
– ఫ్రీలాన్సర్, హైదరాబాద్

జవాబు: జీతానికి పనిచేస్తూ గీసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం యజమానిదే. మీ హక్కును బదిలీ చేస్తూ రాసుకున్న పత్రంలో గడువు లేకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం లేకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తారు. అందుకే స్టూడియోలు గడువు, ప్రాంతం అనే ఆ రెండు గళ్లనూ ఖాళీగా వదలవు. సంతకానికి ముందు మీరు చదవాల్సినవీ అవే. ప్రసారానికి ముందు ఆ బొమ్మలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి.