లిథియం కన్నా ముందు క్రియాటినిన్

మీ తమ్ముడికి బైపోలార్ (ఉన్మాదం, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే జబ్బు) అని లిథియం మాత్రలు రాశారు, మీది కవిటి వైపు, కిడ్నీలు పాడవుతాయేమో, కొత్త వైద్యం ఏదీ లేదా అని కదా అడిగారు. మాదీ కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఆ ఉద్దానమే. మా అన్నయ్యకి 11 ఏళ్లుగా ఇదే జబ్బు.

చీటీ చూసి మా అమ్మ మొదట అన్నమాట, "ఈ నీళ్లకే కిడ్నీలు పోతన్నాయి, మళ్లీ ఈ మాత్రలేటిరా?" ఆవిడ భయం వట్టిది కాదు. లిథియం ఒక ఉప్పు. లివర్ దాన్ని కరిగించదు, దాదాపు మొత్తం మూత్రంలోనే పోవాలి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీ దాన్ని వెనక్కి లాక్కుంటుంది.

మాకు ఇది అనుభవమైంది. మే నెల, జీడి పిక్కలు ఏరే రోజులు. మోకాళ్ల నొప్పని అన్నయ్య ఊళ్లో ఆరెంపీ దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు తెచ్చుకుని అయిదు రోజులు మింగాడు. ఈ మాత్రలు కూడా లిథియాన్ని బయటికి పోనివ్వవు. చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు, మాట ముద్దగా వచ్చింది. జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకో లిథియం మాత్ర వేయబోయాం! వైజాగ్‌లో రక్తంలో లిథియం చూస్తే 1.9 ఉంది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. సెలైన్ పెట్టి, మందు ఆపి, కిడ్నీ బాగుందని తేలాక తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు.

మందు పాతదే. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని రాశాడు. అయినా ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ చూపించండి. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిని ఉంటే వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్ లాంటివి ఉన్నాయి, డాక్టర్నే అడగండి.

కొత్తవంటారా, తలమీద అయస్కాంతపు కాయిల్ పెట్టే ఆర్‌టీఎంఎస్‌కి అమెరికాలో 2008లో అనుమతిచ్చారు, అదీ డిప్రెషన్‌కి. వారాల తరబడి రోజూ వెళ్లాలి, పట్నంలో గది అద్దెకి తీసుకోవాల్సిందే. అందరూ హడలిపోయే కరెంటు వైద్యం మా అన్నయ్యకి ఒకసారి డిప్రెషన్‌లో తిండి మానేసినప్పుడు ఆరుసార్లు ఇచ్చారు. మత్తిచ్చే చేశారు, మత్తూ కండరాలు సడలించే మందూ లేకుండా చేయకూడదని 2017 చట్టమే ఉంది. మనిషి లేచి అన్నం తిన్నాడు. ఆ నెలలో జరిగిన చెల్లి సీమంతం మాత్రం ఇప్పటికీ గుర్తులేదంటాడు.

ఒక్కటి మర్చిపోకండి. లిథియం లెవెల్‌కి రాత్రి మాత్ర వేసిన 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మేము రెండుసార్లు ముందే మాత్ర వేసేసి వెళ్లి బస్సు చార్జీలు దండగ చేసుకున్నాం.