రేడియో సిగ్నల్‌తో టైమ్ సరిచేసుకుంటుందని చెప్పి అమ్మిన వాచ్: డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో పీఈటీని. పిల్లల పరుగు పందేలకు టైమింగ్ తీయడానికి, నా రన్నింగ్‌కి పనికొస్తుందని ఆన్‌లైన్‌లో రూ.13,500 పెట్టి ఒక డిజిటల్ స్పోర్ట్స్ వాచ్ కొన్నాను. ఎండతో చార్జ్ అవుతుంది, కిందపడినా పగలదు, రేడియో సిగ్నల్ అందుకుని తనంతట తానే టైమ్ సరిచేసుకుంటుంది. డాలస్‌లో ఉండే మా బావమరిదికి ఇలాంటిదే ఉంది. అది రోజూ రాత్రి సింక్ అవుతుంది. కొనేముందు "తెలంగాణలో ఇది పనిచేస్తుందా?" అని అడిగితే, అమ్మినతను "ఇండియా అంతటా ఆటోమేటిక్‌గా టైమ్ సెట్ అవుతుంది" అని చాట్‌లో రాశాడు. ఐదు వారాలైంది, ఒక్కసారి కూడా సింక్ కాలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు వాచ్‌లో లోపం లేదని రాసిచ్చారు. అమ్మినతనేమో "రిటర్న్ గడువు పది రోజులే, ఫోన్‌లో యాప్ వేసుకుని సింక్ చేసుకోండి" అంటున్నాడు. నాకు దారి ఉందా? ఇలాంటి వాచ్ మళ్లీ కొనాలంటే ఏది చూసుకోవాలి?

జవాబు: దారి ఉంది. పైగా మీ చేతిలో మంచి ఆధారం ఉంది. ముందు ఆ చాట్ మొత్తాన్ని, ఆ వాచ్ వివరాల పేజీని తేదీ కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పేజీలో మాటలు మార్చేయడానికి అమ్మేవాళ్లకు రెండు నిమిషాలు చాలు. సరైన కేసు ఉండి కూడా ఈ ఒక్క పని చేయక నష్టపోయినవాళ్లను చూశాను కాబట్టే మొదట ఇది చెబుతున్నాను.

మీ వాచ్ ఎందుకు సింక్ కావడం లేదో తెలిస్తే చట్టం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఈ రకం వాచీల్లో చిన్న యాంటెన్నా ఉంటుంది. అత్యంత కచ్చితమైన అణు గడియారాల టైమ్‌ను దీర్ఘతరంగాల (చాలా దూరం వెళ్లే రేడియో తరంగాల) మీద ప్రసారం చేసే కేంద్రాల నుంచి అది రాత్రిపూట సిగ్నల్ తీసుకుంటుంది. వాచీలు అందుకునే ఈ కేంద్రాలు జపాన్‌లో రెండు, అమెరికా, బ్రిటన్, జర్మనీ, చైనాల్లో ఒక్కొక్కటి. వాచ్ మీద 'మల్టీ బ్యాండ్ 6' అని ఉంటే ఈ ఆరింటినీ అందుకోగలదని అర్థం. మన దేశంలో అలాంటి కేంద్రం లేదు. మనకు అన్నిటికంటే దగ్గరిది చైనాలోని షాంగ్‌చ్యూ కేంద్రం. దాని సిగ్నల్ సుమారు 1,500 కిలోమీటర్ల వరకు అందుతుందని వాచ్ మాన్యువల్స్‌లో ఉంటుంది. ఖమ్మానికి అది దాదాపు 4,000 కిలోమీటర్ల దూరం. మీ బావమరిది సంగతి వేరు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ కేంద్రం సిగ్నల్ సుమారు 3,000 కిలోమీటర్లు వెళ్తుంది, డాలస్ ఆ పరిధిలోనే ఉంది. కాబట్టి సర్వీస్ సెంటర్ చెప్పింది నిజమే. యంత్రంగా చూస్తే వాచ్ బాగానే ఉంది.

అయితే చట్టం దృష్టిలో 'లోపం' అంటే యంత్రం చెడిపోవడం ఒక్కటే కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) చూడండి. చట్టప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోయినా, ఒప్పందంలో ఉన్నట్టు లేకపోయినా, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి తగ్గట్టు లేకపోయినా అది లోపమే. మీ కేసంతా ఈ చివరి ముక్క మీదే నిలబడుతుంది. ఇండియా అంతటా పనిచేస్తుందని అతను రాశాడు, ఆ వాచ్ ఖమ్మంలో పనిచేయదు. సర్వీస్ సెంటర్ కాగితం మీకు వ్యతిరేకం అనుకుని టెన్షన్ పడకండి. వాచ్ బాగుండి కూడా సింక్ కావడం లేదంటే అతను చెప్పిన మాటే తప్పని ఆ కాగితమే చూపిస్తుంది.

ఇక పది రోజుల గడువు సంగతి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020లో 6(3)వ నిబంధన ప్రకారం, ప్రకటించిన లేదా ఒప్పుకున్న లక్షణాలు వస్తువులో లేకపోతే, దాన్ని వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. 'పది రోజుల్లో రిటర్న్' అనేది కొన్నాక మనసు మారినవాళ్లకు అతను ఇచ్చుకునే సౌకర్యం. లేని గుణం ఉందని చెప్పి అమ్మినప్పుడు ఆ గడువును అడ్డం పెట్టుకోవడం కుదరదన్నది నా అభిప్రాయం. అవతలి లాయరు మాత్రం వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47)ను ఎత్తుతాడు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది కాబట్టి, గడువు దాటిపోయింది కదా అంటాడు. అందుకే మీరు ఆ ఒక్క సెక్షన్ మీద ఆధారపడకండి. లోపం, తప్పుడు ప్రకటన, 6(3) నిబంధన మూడూ కలిపి రాయండి. యాప్ సలహా విషయంలో కంగారు అక్కర్లేదు. ఫోన్ స్పీకర్‌తో ఆ సిగ్నల్‌ను అనుకరించే యాప్‌లు ఉన్నమాట నిజమే. కానీ మీరు డబ్బు పెట్టింది తనంతట తానే సరిచేసుకునే వాచ్‌కి.

మీ కేసులో బలహీనత ఎక్కడ ఉండేదో కూడా చెప్పాలి, ఇది చదివే మిగతావాళ్లకు పనికొస్తుంది. మీరు ఏమీ అడక్కుండా, బ్రాండ్, మోడల్ నంబరు చూసి కొని ఉంటే కేసు చాలా పలచన అయ్యేది. సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి మాట నమ్మి కొంటే ఆ అవసరానికి వస్తువు పనికిరావాలి. ట్రేడ్ పేరు చెప్పి ఫలానాదే కావాలని కొన్నవారికి ఈ రక్షణ ఉండదు. "తెలంగాణలో పనిచేస్తుందా?" అని మీరు అడిగిన ఒక్క ప్రశ్న మిమ్మల్ని కాపాడుతోంది. అలాగే పేజీలో "సిగ్నల్ అందే ప్రాంతాల్లో మాత్రమే" అని ఉంటే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. ఒకసారి సరిచూసుకోండి. ఉన్నా సరే, చాట్‌లో మీకు విడిగా ఇచ్చిన హామీ మీ వైపే మాట్లాడుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. వాచ్ వాడటం ఇవాళే ఆపి పెట్టెలో పెట్టేయండి. వాడుతూ పోతే మీరు దాన్ని అంగీకరించారనే వాదనకు చోటిచ్చినట్టవుతుంది. వాచ్‌ను తిరస్కరిస్తున్నానని, డబ్బు వాపసు ఇవ్వమని అమ్మినతనికి, అతను అమ్మిన ఆన్‌లైన్ వేదిక (వెబ్‌సైట్ లేదా యాప్) తాలూకు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అమ్మినతని పూర్తి చిరునామా కూడా అదే మెయిల్‌లో అడగండి. మీరు రాతపూర్వకంగా అడిగితే వేదిక ఇచ్చి తీరాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అక్కడా నమోదు చేయండి. చాలాసార్లు విషయం ఇక్కడే తేలిపోతుంది.

తేలకపోతే 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. అమ్మినతను ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే, అంటే ఖమ్మంలోనే వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. బిల్లు, చాట్, పేజీ స్క్రీన్‌షాట్లు, మాన్యువల్లో సిగ్నల్ పరిధి చెప్పే పేజీ, సర్వీస్ సెంటర్ కాగితం జతచేయండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే పత్రం) పెడితే అభ్యంతరాలకు తావుండదు. వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపే పని లేని కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. వాచ్ ధర, ఖర్చులు, మీరు పడ్డ ఇబ్బందికి సబబైన పరిహారం అడగండి. పదమూడు వేల వాచ్‌కి లక్షలు అడిగితే అసలు మాట మీద నమ్మకం సడలుతుంది. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. మీకు కావలసినంత సమయం ఉంది.

మళ్లీ ఏది కొనాలన్నారు. ఇక్కడ మీకు రేడియో సింక్‌తో పని లేదు, దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. పరుగు టైమింగ్‌కి కావలసింది సెకనులో వందో వంతు చూపే స్టాప్‌వాచ్. దానికీ రేడియో సిగ్నల్‌కీ సంబంధం లేదు. సింక్ లేకపోయినా ఇలాంటి క్వార్ట్జ్ వాచ్‌లో తేడా నెలకు మహా అయితే పదిహేను సెకన్లు. అది కూడా వద్దనుకుంటే ఎండతో చార్జ్ అవుతూ బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి టైమ్ తీసుకునే మోడల్ చూడండి. అలాంటివి ఖమ్మంలోనూ, కొలరాడోలోనూ ఒకేలా పనిచేస్తాయి. మైదానంలో దూరం కూడా కొలవాలంటే జీపీఎస్ వాచ్ తీసుకోవచ్చు, కానీ దాన్ని తరచూ చార్జ్ చేయాలి. బావమరిదితో అక్కడి నుంచి తెప్పించుకునేముందు దాని వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కార్డు మీద చూడమనండి. ఇక్కడే కొంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఈసారి కూడా కొనేముందు ప్రశ్న రాతలో అడగండి: "ఈ వాచ్ ఖమ్మంలో, ఫోన్ లేకుండా, తనంతట తానే టైమ్ సరిచేసుకుంటుందా?" జవాబు వచ్చాక దాన్ని దాచుకుని, అప్పుడే డబ్బు కట్టండి.