ముసురులో పుట్టిన పిల్ల

మీరు చలికాలంలో పుట్టి నెమ్మదస్తులయ్యారు, మీ అన్నయ్య నడివేసవిలో పుట్టి ముక్కోపి అయ్యారు, ఇది పుట్టిన కాలం ప్రభావమేనా అని అడిగారు. చదవగానే మా అమ్మమ్మ గొంతు వినిపించింది. నేను పుట్టినప్పుడు వారం రోజుల పాటు ముసురు వదల్లేదట. ఇంటికి ఎవరైనా రాగానే నేను తలుపు చాటుకు వెళ్లేదాన్ని. "ముసురులో పుట్టింది, ముభావం కాక ఏమవుతుంది" అనేది అమ్మమ్మ, ప్రేమగానే. పదేళ్లు వచ్చేసరికి అది నా కళ్ల రంగు లాంటి సంగతి అయిపోయింది. పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరు మార్చగలరు?

పంతొమ్మిదేళ్లుగా చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా జవాబు ఇది: పుట్టిన కాలానికి కొంత ప్రభావం ఉంటే ఉండవచ్చు, కానీ ఇద్దరు మనుషుల మధ్య మన కంటికి కనిపించేంత తేడా తెచ్చేంతది కాదు. మనం కాలానికి అంటగట్టేదానిలో చాలా భాగం వేరే చోటి నుంచి వస్తుంది.

మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2014లో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో బుడాపెస్ట్‌కు చెందిన క్సేనియా గోండా బృందం 400 మందికి పైగా పరిశీలించిన ఫలితాలు చెప్పింది. వేసవిలో పుట్టినవారిలో మనఃస్థితి త్వరత్వరగా మారే గుణం ఎక్కువట, చలికాలంలో పుట్టినవారిలో చిరాకు తక్కువట. మీ ఇంటి కథకు అతికినట్టే ఉంది. అయితే 400 మందిని నాలుగు కాలాలకు పంచితే ఒక్కో కాలానికి వంద మంది. అదీ తమ గురించి తామే ప్రశ్నావళి నింపినవారు. 2006లో వెలువడిన మరో అధ్యయనం 15,000 మందికి పైగా మనుషుల వివరాలు తీసుకుని, పుట్టిన తేదీకి వ్యక్తిత్వంతోనో తెలివితేటలతోనో సంబంధం ఉందా అని వెతికింది. ఏమీ దొరకలేదు.

ఎలుకల మీద జరిగిన పరిశోధన ఒకటి మాత్రం నన్ను నిజంగా ఆకట్టుకుంది. 2010లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు కొన్ని ఎలుక పిల్లలను పుట్టినప్పటి నుంచి పాలు మరిచేదాకా రోజుకు 8 గంటల వెలుగులో, కొన్నింటిని 16 గంటల వెలుగులో పెంచారు. పెద్దయ్యాక కూడా నిద్ర, మెలకువల వేళలను నడిపే వాటి మెదడులోని గడియారం ఆ తొలి రోజుల గుర్తును మోసింది. తక్కువ వెలుగులో పెరిగిన 'చలికాలపు' ఎలుకల గడియారం కాలం మారినప్పుడు ఎక్కువగా తడబడింది. అంటే శరీరానికి ఇలాంటి దారి ఒకటి ఉంది. కానీ భూమధ్యరేఖకు దగ్గరున్నవారికి ఏడాది పొడవునా పగటి నిడివి పెద్దగా మారదు. అక్కడ ఆ దారి పనిచేయడానికి చోటు చాలా తక్కువ.

మనుషుల్లో బాగా నిలిచిన సంబంధం స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్నది. ఉత్తరార్ధగోళంలో చలికాలం, వసంతాల్లో పుట్టినవారిలో ఆ జబ్బు 5 నుంచి 8 శాతం ఎక్కువ. వింటే భయం వేస్తుంది. లెక్క చూస్తే, పదివేల మందిలో సుమారు 70 మందికి వచ్చేది 75 మందికి వస్తుందన్న మాట. లక్షల మందిని కలిపి చూస్తేనే బయటపడే తేడా ఇది. ఒక మనిషిని చూసి చెప్పేది కాదు.

ఇప్పుడు నా అనుభవం. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, ప్రవేశాల రిజిస్టరులో పుట్టిన తేదీలు సరిచూస్తూ ఆగిపోయాను. 'బెరుకు', 'ముందుకు రాదు', 'ఏకాగ్రత లేదు' అని నేను రాసిన పిల్లల్లో ఎక్కువమంది వానాకాలంలో పుట్టినవారే. అమ్మమ్మ మాట నిజమేనన్నమాట అనుకున్నాను. రెండేళ్లకు వేరే బడికి మారాను. అక్కడ చేర్చుకునే వయసును లెక్కించే గడువు తేదీ వేరు. అక్కడా తేదీలు చూశాను. వానాకాలపు పిల్లలే తరగతిని నడిపిస్తున్నారు! బెరుకు పిల్లలు వేరే నెలల నుంచి వచ్చారు. రెండు చోట్లా నేను 'బెరుకు' అని రాసింది గడువుకు కాస్త ముందు పుట్టినవారిని, అంటే తరగతిలో అందరికంటే చిన్నవారిని. అయిదేళ్ల పిల్లకు పదకొండు నెలలంటే మాటలా? దాదాపు అయిదో వంతు ఆయుష్షు. పక్కన కూర్చున్న పిల్ల అంత ముందే మాటలు నేర్చింది, పరుగు నేర్చింది, కోపం మింగడం నేర్చింది. ఆ రాత్రి నా పాత వ్యాఖ్యలన్నీ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనం 2012లో వచ్చింది. అక్కడ గడువు డిసెంబరు 31. జనవరిలో పుట్టినవారికంటే డిసెంబరులో పుట్టిన అబ్బాయిలకు ఏకాగ్రత లోపపు జబ్బు ఉందని 30 శాతం ఎక్కువగా, అమ్మాయిలకు 70 శాతం ఎక్కువగా నిర్ధారించారు. డిసెంబరు, జనవరి రెండూ అక్కడ ఒకే చలికాలం. మారింది తరగతిలో వయసు.

ఇక మన గురించి మనం విన్నమాట ఒకటుంది. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్, మరో ఇద్దరు రాశులకూ కలుపుగోలుతనానికీ పొంతన ఉందని చూపారు. తర్వాత తరచి చూస్తే, జ్యోతిషం గురించి ఏమీ తెలియనివారిలో ఆ పొంతన మాయమైంది. తెలిసినవారు తమ రాశికి చెప్పిన గుణాన్నే తమలో చూసుకుని జవాబులు రాశారు. నేనూ అదే చేశాను. తరగతిలో అందరికంటే చిన్నదాన్ని కావడం వల్ల కలిగిన బెరుకుకు ముసురు అని పేరు పెట్టుకుని, పాతికేళ్లు ఆ పేరుతోనే బతికాను.

మా అమ్మాయి కూడా వర్షాకాలంలోనే పుట్టింది. అమ్మమ్మ అప్పటికి ఇంకా ఉంది. పాపను ఒళ్లోకి తీసుకుని "ఇదీ ముసురులోనే..." అని మొదలుపెడితే, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ మాట దీనికి వద్దు అమ్మమ్మా అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

మీరూ, మీ అన్నయ్యా బడిలో చేరినప్పుడు తరగతిలో పెద్దవారా, చిన్నవారా? 'నెమ్మదస్తుడు', 'కోపిష్టి' అన్న మాటలు ఇంట్లో మొదట ఎవరు, మీ ఏ వయసులో అన్నారు? గుర్తుంటే రాయండి.