నాలుగు బ్లాగులు ఒక సొంత సైటుకి: రాతలు తేలిగ్గానే వస్తాయి, పని అంతా చిరునామాలతోనే

మీరు అడిగింది ఇదీ: ఉండేది విజయవాడ. బ్లాగ్‌స్పాట్‌లో మూడు బ్లాగులు (కథలు, వంటలు, గుళ్ల యాత్రలు), వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో పుస్తకాల మీద ఇంకొకటి. నాలుగింటినీ సొంత డొమైన్ మీదకి, సొంత సర్వర్ మీదకి చేర్చాలి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఇంట్లో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ సర్వర్‌గా పనికొస్తుందా, పాత లింకులు ఏమైపోతాయి?

నేను గుంటూరు వాసిని. ఇలాగే మూడు బ్లాగుల్ని ఒకచోటికి తెచ్చుకున్నాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

డెస్క్‌టాప్ సంగతి ముందే తేల్చేద్దాం. వద్దండి. చాలా ఇంటి కనెక్షన్లకు సొంత ఐపీ అడ్రసు ఉండదు, ఒకే ఐపీని బోలెడు ఇళ్లకు పంచుతారు. టన్నెల్ (బయటి సర్వర్ ఒకదాని ద్వారా దారి) పెట్టి దాన్ని దాటొచ్చు, కరెంటు పోతే యూపీఎస్ ఉంది, అవి నిజంగా పెద్ద సమస్యలు కావు. అసలు భయం వేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్నీవాళ్ల ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. కింది గదిలో ఒకే బల్ల మీద కంప్యూటరూ, దాని పక్కనే బ్యాకప్ హార్డ్‌డిస్కూ. రెండూ ఒకేసారి పోయాయి. బాబాయి బ్యాకప్ క్రమం తప్పకుండా తీసే మనిషే. కానీ అసలూ నకలూ ఒకే బల్ల మీద ఉన్నాయి.

కాబట్టి ముంబైలోనో బెంగళూరులోనో డేటాసెంటర్ ఉన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో మనకోసం విడదీసి ఇచ్చే వాటా) ఒకటి అద్దెకు తీసుకోండి. నెలకు ఐదారు డాలర్ల రకం, 1 జీబీ ర్యామ్ ఉన్నది మన స్థాయికి చాలు. బ్యాకప్ మాత్రం అదే కంపెనీ దగ్గర కాకుండా వేరేచోటికి పోయేలా పెట్టండి. సైజు గురించి బెంగ అక్కర్లేదు. యూటీఎఫ్-8లో (వెబ్‌లో అక్షరాల్ని దాచే పద్ధతి) ఒక తెలుగు కోడ్ పాయింటుకు, అంటే విడివిడిగా లెక్కేసే ఒక్కో అక్షరానికో గుణింతపు గుర్తుకో, 3 బైట్లు పడతాయి, అంటే వెయ్యి టపాలు, ఒక్కోటి ఐదు వేల కోడ్ పాయింట్లు అనుకున్నా మొత్తం 15 ఎంబీ. జీవితమంతా రాసింది ఒక ఈమెయిల్ అటాచ్‌మెంట్‌లో పట్టేస్తుంది, చూసుకుంటే కాస్త దిగులుగానే ఉంటుంది. బరువంతా ఫొటోలదే.

డబ్బు కట్టే దగ్గర ఒక మాట. రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక, విదేశీ కంపెనీలకు మన కార్డుల నుంచి ఆటోపే చాలా చోట్ల ఆగిపోయింది. డొమైన్ రెన్యువల్‌ని ఆటోపేకి వదిలేసి నిశ్చింతగా ఉండకండి. రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టి, గడువు తేదీని ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి.

ఇక సాఫ్ట్‌వేర్. మీ అవసరానికి వర్డ్‌ప్రెస్. అంటే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌నే మన సర్వర్ మీద పెట్టుకోవడం. హ్యూగో లాంటి స్టాటిక్ జనరేటర్లు (పేజీల్ని ముందే తయారు చేసి పెట్టేవి) నాకూ ఇష్టమే, సర్వర్ మీద భారం ఉండదు, హ్యాకింగ్ బెడద తక్కువ. కానీ వాటిల్లో వ్యాఖ్యలకు సొంత ఏర్పాటు లేదు, వేరే సర్వీసు తగిలించాలి. మీవి వ్యాఖ్యలతో బతికిన బ్లాగులు. నాలుగు బ్లాగులు కదా అని మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌లో చాలా సైట్లు నడిపే ఏర్పాటు) జోలికి వెళ్లకండి. అది వర్డ్‌ప్రెస్‌లో 2010 నుంచీ ఉన్నదే, కానీ రాసేది ఒక్కరే అయినప్పుడు నాలుగు డ్యాష్‌బోర్డులు మళ్లీ మొదటికే తెస్తాయి. ఒకే సైటు పెట్టి, ఒక్కో పాత బ్లాగునీ ఒక్కో వర్గం చేయండి. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి వర్గానికీ దాని ఫీడ్ (కొత్త టపాల్ని చందాదారులకు చేరవేసేది) దానికి విడిగా ఉంటుంది. వంటలకోసం వచ్చేవాళ్లకు వంటల ఫీడ్ మాత్రమే ఇవ్వొచ్చు, మీ కథలు వాళ్ల నెత్తిన పడవు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. బ్లాగ్‌స్పాట్‌లో బ్యాకప్ తీస్తే టపాలూ వ్యాఖ్యలూ ఒకే ఫైల్లో వస్తాయి. దాన్ని వర్డ్‌ప్రెస్‌లోని బ్లాగర్ ఇంపోర్టర్‌కి ఇస్తే ఒక సాయంత్రంలో అన్నీ లోపల ఉంటాయి. అంతా అయిపోయిందనిపిస్తుంది. అప్పుడు పాత లింకుల్ని గమనించండి.

తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్ బ్లాగుల్ని నడిపే గూగుల్ సర్వీసు) దాన్ని చిరునామాలోకి తీసుకోదు. ఇంగ్లీషు అక్షరాలు ఏవీ దొరక్క ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టేస్తుంది. ఆ నెలలో రెండో టపా రాస్తే చివర ఒక గీత, ఒక అంకె తగిలిస్తుంది. అంటే మీ కథల బ్లాగులో 2009 మే నెల తొలి టపా చిరునామా 2009/05/బ్లాగ్-పోస్ట్. మీ వంటల బ్లాగులో అదే నెల తొలి టపాదీ అదే. యాత్రల బ్లాగుదీ అదే. విడివిడిగా ఉన్నంతకాలం ముందు బ్లాగు పేరు వేరు కాబట్టి గొడవ లేదు. మూడింటినీ ఒక డొమైన్ కిందకి తెచ్చేసరికి గోంగూర పచ్చడి, కోటప్పకొండ తిరనాళ్ల టపా, మీ తొలి కథ మూడూ ఒకే తలుపు తడతాయి. ఇంగ్లీషులో రాసేవాళ్ల గైడ్లలో ఈ చిక్కు కనబడదు, ఎందుకంటే వాళ్ల శీర్షికలు చిరునామాలోకి చక్కగా దిగుతాయి.

కాబట్టి పాత బాటలకు, అంటే చిరునామాలో డొమైన్ తర్వాత వచ్చే భాగాలకు, ముందు ఒక ముద్ర పెట్టాలి. కథల బ్లాగునుంచి వచ్చే పాత లింకులన్నిటికీ ముందు ‘పాత-కథలు’, వంటలవాటికి ‘పాత-వంటలు’ అన్నమాట. బ్లాగర్ ఇంపోర్టర్ ప్రతి టపాకూ అది ఏ బ్లాగునుంచి వచ్చిందో, పాత చిరునామా ఏమిటో కస్టమ్ ఫీల్డ్‌లో దాచిపెడుతుంది. డేటాబేస్‌లో ఒక చిన్న క్వెరీ రాస్తే పాతది ఒకవైపు, కొత్తది ఒకవైపు జాబితా వచ్చేస్తుంది. ఆ జాబితాని రిడైరెక్షన్ ప్లగిన్‌కి సీఎస్‌వీగా ఇస్తే 301లన్నీ (పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే సూచనలు) తయారు. ఈ పని అయ్యేదాకా ఆ ఫీల్డుల్ని ‘డేటాబేస్ శుభ్రం’ చేసే ప్లగిన్లకు దొరకనివ్వకండి.

మరి బ్లాగ్‌స్పాట్‌లో ఉన్న పాఠకుణ్ని ఇటు పంపేదెవరు? బ్లాగర్ సెట్టింగుల్లో ఉండే రిడైరెక్ట్ అదే బ్లాగులో ఇంకో పేజీకే పనిచేస్తుంది, బయటి సైటుకి పంపదు. కస్టమ్ డొమైన్ తగిలించి, తర్వాత ఆ డొమైన్‌ని సొంత సర్వర్‌కి తిప్పుకునే పాత చిట్కా ఒకటుంది. కానీ అప్పుడు మధ్యలో ‘ఈ బ్లాగు బ్లాగర్‌లో లేదు, వెళ్తారా?’ అనే పేజీ అడ్డం రావచ్చు. మా పెద్దమ్మలాంటి పాఠకులు దాన్ని చూసి వైరస్ అనుకుని ఫోన్ పక్కన పడేస్తారు. అందుకే నేను టెంప్లేట్‌లోనే చిన్న స్క్రిప్టు పెట్టాను. వచ్చిన చిరునామాలోంచి బాట భాగం తీసుకుని, ముందు ముద్ర తగిలించి కొత్త సైటుకి పంపుతుంది. దాంతోపాటు అసలు పేజీ కొత్తచోట ఉందని వెతుకుడు యంత్రాలకు చెప్పే కెనానికల్ ట్యాగు కూడా. ఫోన్లోంచి కాపీ చేసిన బ్లాగ్‌స్పాట్ లింకుల చివర ప్రశ్నార్థకం, ఎమ్, 1 అని తోక ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేవి ఎక్కువగా అవే. మీ రూలు ఆ తోకని పట్టించుకోకుండా చూసుకోండి.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌ది ఇంత ఇబ్బంది లేదు. ఏడాదికి కొంత కడితే వాళ్లే మీ డొమైన్‌కి దారి మళ్లిస్తారు.

ఇంకొకటి, మీ టపాల్లో మీరే మీ ఇతర టపాలకు ఇచ్చుకున్న లింకులు. వాటిలో కొన్ని బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అని ఉంటాయి, ఎందుకంటే కొన్నేళ్లపాటు ఇండియాలో చూసేవాళ్లకు ఆ రూపంలోనే కనిపించేవి. ఆ డొమైన్ 2020లో చేతులు మారింది, ఇప్పుడు ఆ లింకులు ఎటు పోతాయో మన చేతిలో లేదు. డబ్ల్యూపీ-సీఎల్‌ఐలోని సెర్చ్-రీప్లేస్‌తో (వర్డ్‌ప్రెస్‌కి టైపు చేసి ఇచ్చే ఆదేశం) మొత్తం ఒకేసారి మార్చేయండి. మార్చే ముందు డ్రై-రన్ చేసి ఎన్నిచోట్ల మారుతుందో చూడండి.

ఇప్పుడు వ్యాఖ్యలు. మా అమ్మ పండుమిరపకాయల పచ్చడి గురించి నేను రాసిన టపా చిన్నది, కింద వ్యాఖ్యలు దానికి నాలుగింతలు. తెనాలి నుంచి ఒకావిడ, చింతపండు మొదటిరోజే మిరపకాయల మధ్య పెట్టేయాలి, మూడోరోజు తిరగదంచాలి అంటుంది. నరసరావుపేట నుంచి ఇంకొకాయన, అసలు ఉప్పు మీ లెక్కలో తక్కువైంది, ఆషాఢం దాటేసరికి బూజు పడుతుంది అని వాదన. అమ్మ ఆ సంవాదం నా చేత చదివించుకుని మరీ ఉప్పు పెంచింది. ఆ వ్యాఖ్యలు రాకుండా ఆ టపా ఒక్కటే కొత్త సైటుకి వచ్చి ఏం లాభం?

వ్యాఖ్యలు ఇంపోర్ట్‌లో వస్తాయి, తేదీలతో సహా. నాకైతే జవాబుల వరుస చెదిరిపోయి అన్నీ తేదీ క్రమంలో చదునుగా పడ్డాయి, నా జవాబులు కూడా ఎవరో బయటివాళ్లవి అన్నట్టే కనిపించాయి. వాటిని డేటాబేస్‌లో నా యూజర్‌కి కలుపుకున్నాను. జవాబుల వరుస మాత్రం వాదనలు బాగా నడిచిన టపాల్లోనే చేత్తో సర్దాను, మిగతావి వదిలేశాను. మీరూ అన్నీ సర్దాలని కూర్చోకండి. బ్లాగులో గూగుల్ ప్లస్ వ్యాఖ్యలు పెట్టుకున్న కాలం ఏదైనా ఉంటే వాటిమీద ఆశ వదులుకోండి. 2019లో ఆ సర్వీసుతోపాటే అవీ పోయాయి. ఏదైనా మిగిలి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో ఒకసారి వెతకండి.

ఫొటోలు బ్యాకప్ ఫైల్లో రావు, వాటి లింకులే వస్తాయి. ఆ లింకుల్లో ఎస్ అక్షరం పక్కన 320 అనో 400 అనో అంకె ఉంటుంది, అది చూపే సైజు. ఇంపోర్టర్ టపాలో కనిపించే చిన్న బొమ్మనే దించుకుంటే ఉండవల్లి గుహలు తపాలాబిళ్లంత అవుతాయి. ఆ అంకె స్థానంలో 0 పెడితే మీరు ఎక్కించిన పూర్తి సైజు వస్తుంది. దించే ముందే ఈ మార్పు చేయండి.

తెలుగుకే ప్రత్యేకమైన తిప్పలు కొన్ని. వర్డ్‌ప్రెస్ బ్లాగర్‌కి పూర్తిగా రివర్సు, తెలుగు శీర్షికని చిరునామాలో పెట్టేస్తుంది. కానీ లోపల ఒక్కో కోడ్ పాయింటూ తొమ్మిది గుర్తులుగా మారుతుంది, ఆ గడి పరిమితి 200 గుర్తులు. అంటే గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కేసుకుంటే ఇరవైరెండు దగ్గర శీర్షిక తెగిపోతుంది. వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తుల చాంతాడు. కొత్త టపాలకు చిన్న ఇంగ్లీషు పేరు చేత్తో ఇచ్చుకోండి.

వెతుకులాటలో ఇంకో తమాషా ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో పొల్లు విడిగా కనబడటానికి మధ్యలో కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే గుర్తు ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. లేఖినిలో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే సైటు) రాసిన పాత టపాని ఫోన్ కీబోర్డుతో వెతికితే ‘ఫలితాలు లేవు’ అని రావచ్చు. వెతికే మాటలోంచీ, వెతకబడే పాఠంలోంచీ ఆ గుర్తుని తీసేసి పోల్చేలా చిన్న కోడ్ రాయించుకుంటే మంచిది, లేకపోతే ‘మీ సైట్లో ఫలానా టపా తీసేశారా?’ అని ఉత్తరాలు వస్తాయి. థీమ్‌లో ఉటంకింపులకు ఇటాలిక్ ఉంటే తీసేయండి. మన అక్షరాలు ఏటవాలుగా అంటే కళ్లకు శిక్ష. వరుసల మధ్య ఖాళీ 1.8 దాకా పెంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లని తాకుతాయి.

తరలించే రోజు ఈమెయిల్ చందాదారులకు నోటిఫికేషన్లు పంపే ప్లగిన్ ఏదీ ఆన్‌లో ఉంచకండి. ఏళ్లనాటి వందల టపాలు కొత్తవన్నట్టు వాళ్ల ఇన్‌బాక్సులో పడితే అంతే సంగతులు. అంతకుముందే ప్రతి పాత బ్లాగు సైట్‌మ్యాప్ నుంచి చిరునామాల జాబితా తీసి పెట్టుకోండి. అయ్యాక ఒక్కోదాన్నీ తెరిపించి చూసే చిన్న స్క్రిప్టు నడిపితే 404 (పేజీ దొరకలేదు అనే జవాబు) ఎక్కడ వస్తుందో తెలిసిపోతుంది. మీ యాత్రల టపాల్ని తెలుగు వికీపీడియాలో ఎవరైనా మూలంగా ఇచ్చారేమో బయటి లింకుల వెతుకుడులో చూడండి. నా కొండవీడు కోట టపా లింకు అక్కడ కనబడితే వెళ్లి మార్చుకున్నాను.

అన్నీ సరిగా ఉన్నాయని చూసుకున్నాక కూడా పాత బ్లాగుల్ని డిలీట్ చేయకండి. దారి మళ్లించే స్క్రిప్టు ఉన్నది అక్కడే. రెండేళ్లపాటు వాడని గూగుల్ ఖాతాల్ని తొలగించే విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. వంటల బ్లాగుకి అప్పట్లో విడిగా ఒక జీమెయిల్ తెరిచి ఉంటే, ఇప్పుడే అందులోకి వెళ్లి, మీ అసలు ఖాతాని కూడా ఆ బ్లాగుకి అడ్మిన్‌గా చేర్చండి. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే, రికవరీ నంబరు పాత సిమ్‌ది అయితే, సర్వర్ కొనేకంటే ముందు ఆ పని చూడండి.