ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాలా అంటే

తల్లీ,

నిన్న ఫోన్లో అడిగావు కదా, పాప ఆడే ప్రతి టోర్నమెంట్‌కీ మేమిద్దరం వెళ్ళాలా పెద్దమ్మా, వెళ్ళకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో, వెళ్తే ఆఫీసులో సెలవులన్నీ దానికే అయిపోతున్నాయి అని. అప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు, సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇలా టైప్ చేస్తున్నా. మా పిల్లలిద్దరినీ బ్యాడ్మింటన్‌కే తిప్పాను కాబట్టి ఈ గోల కొంచెం తెలుసు. అన్నిటికీ ఇద్దరూ వెళ్ళక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే వెళ్ళకూడదు.

పాప ఇప్పుడు అండర్-13 కదా, ఈ వయసులో ఒకరు మాత్రం పక్కన ఉండి తీరాలి, అది కూడా మ్యాచ్ చూడ్డానికి కాదు, పనులకి. తొమ్మిదింటికి మ్యాచ్ అని రాస్తారు, కోర్టు దొరికేసరికి మధ్యాహ్నం మూడవుతుంది, ఈలోపు ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అన్నది ఆ పసిదానికి తెలీదు, కడుపు నిండా బిర్యానీ తిని కోర్టెక్కితే ఇంకేం కాళ్ళు కదుల్తాయి? మైకులో పేరు పిలిచినప్పుడు బాత్రూంలో ఉంటే వాకోవర్ ఇచ్చేస్తారు, అంటే ఆడకుండానే ఎదుటి పిల్ల గెలిచినట్టు. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకెళ్ళాలి, గట్టింగ్, అదే రాకెట్‌కి అల్లిన తీగ, తెగితే రెండో రాకెట్ ఉండాలి. ఇవన్నీ ఒక్కళ్ళు చూసుకోవచ్చు, ఇద్దరెందుకు? పదిహేను దాటాక కోచ్‌తో, తోటి పిల్లలతో పంపించెయ్, అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

మీ ఆయన సింధు వాళ్ళ నాన్నగారి పేరు చెప్పి నీ నోరు మూయిస్తున్నాడన్నావు. ఒకటి చెప్పు అబ్బాయికి. ఆ రమణగారు రియో ఒలింపిక్స్‌కి ముందు రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టింది కూతుర్ని తెల్లారకముందే ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళడానికి, పైగా ఆయనే 1986 సియోల్ ఆసియా క్రీడల్లో వాలీబాల్ కాంస్యం గెలిచిన జట్టులో ఆడినాయన, కోర్టులో నిలబడితే ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. సైనా వాళ్ళ నాన్నగారి సంగతీ అంతే, ఇప్పటికీ అందరూ చెప్పుకునేది పొద్దున్నే స్కూటర్ మీద లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్ళడం గురించే కదా. ఈ కథల్లో గ్యాలరీ ఎక్కడుంది చెప్పు! మీవాడేమో రోజూ పొద్దున ఐదున్నర ప్రాక్టీస్‌కి ఆటో మాట్లాడేసి, ఆదివారం మ్యాచ్‌కి మాత్రం కెమెరాతో తయారు. రివర్స్ చెయ్యమను, వారంలో మూడు పొద్దుళ్ళు తనే దింపితే పిల్లకి అదే చాలా పెద్ద సాయం.

ఇక గ్యాలరీలో కూర్చోవడం అనేది వేరే విద్య. పోయినేడాది ఒక జిల్లా టోర్నీలో చూశా, మూడో గేమ్, 19-17 మీద ఉంది పాపం ఒక పిల్ల, ప్రతి పాయింట్‌కీ పైకి చూస్తోంది, పైన వాళ్ళ నాన్న నిలబడి మణికట్టు తిప్పి చూపిస్తున్నాడు, నెట్ దగ్గరికి రా, వెనక్కెళ్ళు అని రెండు చేతులూ ఊపుతున్నాడు. కోచ్ కుర్చీలో ఉన్న మనిషి ఒకటి చెప్తున్నాడు, ఈయన ఇంకోటి. కోచ్ అయినా షటిల్ ఆడుతున్నంతసేపు నోరు మెదపకూడదు, పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్యో, స్కోరు పదకొండు దగ్గరిచ్చే ఆ నిమిషం బ్రేక్‌లోనో చెప్పాలి, మరి ఈయనకేం రూల్? ఆ పిల్ల 19 మీద నుంచి కదల్లేదు, వరసగా నాలుగు పాయింట్లు పోయి మ్యాచే పోయింది. అలా ఊగిపోయేవాళ్ళు ఇంట్లో కూర్చుని స్కోరు వాట్సాప్‌లో చూసుకోవడమే పిల్లకి మంచిది, మీ ఆయన ఏ బాపతో నీకే తెలియాలి 😀

ఇంకోటి, కారెక్కగానే పోస్ట్‌మార్టం మొదలెట్టొద్దు. ఓడిందని దానికి తెలుసు, స్కోరు కూడా తెలుసు. ఆకలేస్తోందా అని అడుగు, టిఫిన్ పెట్టించు, తనే మాట్లాడితే విను, ఆ షాట్లూ అవీ కోచ్ సోమవారం చూసుకుంటాడు.

ఏ మ్యాచ్‌కి వెళ్ళాలో పాపనే అడుగు, అదీ ముందురోజు రాత్రి తీరిగ్గా, మీ ఆయన లేనప్పుడు. "మీ ఇష్టం" అందంటే చాలామటుకు వద్దనే అర్థం, మొహం మీద చెప్పలేక. ఊరు దాటి వెళ్ళే టోర్నీ, దెబ్బ తగిలి మానాక ఆడే మొదటి మ్యాచ్, డ్రాలో, అదే ఎవరితో ఎవరాడాలో వేసే జాబితాలో, టాప్ సీడ్ పిల్ల (అందరికంటే పై ర్యాంకు) ఎదురుపడి ఓడిపోతానని భయపడుతున్న మ్యాచ్, ఇలాంటివి అడగకపోయినా వెళ్ళు. ఈజీగా గెలిచే మొదటి రౌండ్లకి సెలవు ఖర్చు పెట్టకు.

చిన్నోడి సంగతి కూడా ఆలోచించు, ప్రతి ఆదివారం వాణ్ణి ఇండోర్ స్టేడియం బెంచీ మీద ఫోనిచ్చి కూర్చోబెడితే వాడికి అక్క మీద కోపం రాక ఏమొస్తుంది? ఈ ఆదివారం వాణ్ణి మా ఇంట్లో దింపేసి నువ్వొక్కదానివే వెళ్ళు, పెసరట్లు వేస్తా, పెదనాన్న వాడితో క్యారమ్స్ ఆడతారు. డ్రా ఎప్పుడొస్తుందో చూసి టైమ్ మెసేజ్ పెట్టు, పొద్దున్నే అయితే గేటు తాళం తీసి ఉంచుతా.

మీ పెద్దమ్మ