అప్‌డేట్ నొక్కే ముందు పీహెచ్‌పీ సంగతి

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు చూసుకుంటున్న సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరుతో నడుస్తున్నది కదా, అందులో పదిహేడు ప్లగిన్లకు అప్‌డేట్లు పేరుకుపోయాయని, అన్నింటికీ టిక్కు పెట్టి ఒకేసారి కానిచ్చేయవచ్చా అని అడిగావు. అలా చేయవద్దు. ప్లగిన్ అంటే సైటుకు అదనపు సదుపాయాలు చేర్చేందుకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడే కనుక, సైటును నడిపే సర్వరులో ఏ పీహెచ్‌పీ వెర్షన్ నడుస్తున్నదో ముందు తెలుసుకో. టూల్స్ మెనూలో సైట్ హెల్త్ తెరిచి, ఇన్ఫో ట్యాబులో సర్వర్ అన్న భాగం చూస్తే అది కనిపిస్తుంది. ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైనులో వచ్చిన అంకెను మాత్రం నమ్మకు. ఒకే యంత్రంలో వెబ్‌కు 7.4, కమాండ్ లైనుకు 8.2 ఉండటం నేను చూశాను.

ఆ తరువాత ఒక్కొక్క ప్లగిన్‌తో వచ్చే రీడ్‌మీ అనే వివరాల ఫైలు చదువు. అందులో 'టెస్టెడ్ అప్ టు' పక్కనుండే అంకె వర్డ్‌ప్రెస్‌ది, పీహెచ్‌పీది కాదు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవారు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. నీకు కావలసిన వరుస 'రిక్వైర్స్ పీహెచ్‌పీ'. అది కూడా కనీసం ఎంత ఉండాలో చెబుతుందే తప్ప, ఏ వెర్షన్ దాటితే ప్లగిన్ చెడిపోతుందో చెప్పదు. పై హద్దును తెలిపే వరుస అసలు లేనే లేదు.

కనీస వెర్షన్ చాలకపోతే వర్డ్‌ప్రెస్ తానే అప్‌డేట్‌ను ఆపుతుంది కదా అని నువ్వు అనవచ్చు. డ్యాష్‌బోర్డు ద్వారా చేస్తే ఆపుతుంది. నేను ఒకసారి తొందరపడి, కొత్త ఫైళ్లను ఎఫ్‌టీపీతో, అంటే నేరుగా సర్వరుకు పంపి, పాత ఫోల్డరు మీద వేసేశాను. ఆ ప్లగిన్ అప్పటికే యాక్టివ్‌గా ఉన్నందున ఏ తనిఖీ జరగలేదు, సర్వరులో 7.4 ఉండగా, కొత్త కోడులో పీహెచ్‌పీ 8.0తో వచ్చిన 'మ్యాచ్' అనే కొత్త వ్యాకరణ ప్రయోగం ఉంది. సైటు మొత్తం పడిపోయింది. ఇలాంటి ఆపదలో లోపలికి వెళ్లి సరిచేసుకునేందుకు వర్డ్‌ప్రెస్ 5.2 నుంచీ అడ్మిన్ ఈమెయిలుకు పంపే రికవరీ మోడ్ లింకు, ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒకాయనకు వెళ్లింది. చివరికి ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చి, దాన్ని పక్కకు తప్పించి బయటపడ్డాను.

విచిత్రమేమిటంటే, ఆ ప్లగిన్ రాసినవారు ఫైలు మొదట్లోనే వెర్షన్ తనిఖీ పెట్టారు. కానీ పీహెచ్‌పీ ఏ ఫైలునైనా నడిపే ముందు మొదటి నుంచి చివరి దాకా చదివి అన్వయించుకుంటుంది కనుక, కింద ఎక్కడో తనకు తెలియని వ్యాకరణం ఎదురైతే అక్కడే ఆగిపోతుంది, పైనున్న తనిఖీ నడవనే నడవదు. రేపు నువ్వే ప్లగిన్ రాస్తే, ప్రధాన ఫైలును పాత వ్యాకరణంలోనే ఉంచి, అందులో వెర్షన్ సరిచూసిన తరువాతే మిగిలిన ఫైళ్లను పిలువు.

అలాగని 7.4 మీదే ఉండిపోవడమూ కుదరదు, దానికి భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి. సర్వరును పైకి జరిపేటప్పుడు చిక్కు పాత ప్లగిన్ల నుంచి వస్తుంది. 'క్రియేట్ ఫంక్షన్' వంటి పాత పీహెచ్‌పీ ఫంక్షన్లను 8.0లో తీసేశారు కనుక వాటిని వాడే ప్లగిన్ వెంటనే కూలుతుంది. అది నయం, కంటికి కనిపిస్తుంది. కనిపించని చిక్కూ ఉంది: సున్నాను అక్షరాల మాటతో పోల్చితే పీహెచ్‌పీ 7లో సమానమని వచ్చేది, 8.0 నుంచి కాదని వస్తుంది. అక్కడ ఏ ఎర్రరూ రాదు, బిల్లులో రాయితీ తప్పు పడుతుంది, కొనుగోలుదారు చెబితే తప్ప నీకు తెలియదు. అందుకే పేజీ తెరుచుకుంటే చాలనుకోకుండా, ఆర్డరు, ఫారం, లాగిన్ అన్నీ చేత్తో చేసి చూడాలి.

నేను పాటించే వరుస ఇది. ముందు సైటుకు ఒక స్టేజింగ్ నకలు, అంటే పరీక్షకు వాడే ప్రతి తీసి, 7.4లోనూ 8.2లోనూ నడిచే ప్లగిన్ వెర్షన్లను 7.4 మీదే, ఒక్కొక్కటిగా వేస్తాను. అవి కుదురుకున్నాక నకలులో పీహెచ్‌పీని మార్చి, తప్పులు నమోదయ్యే డీబగ్ లాగ్ ఫైలు తెరిచి పెట్టుకుని రెండు రోజులు చూస్తాను. అసలు సైటులోనూ అదే క్రమం, 8.0 లేకపోతే నడవని ప్లగిన్ల వంతు చివరిది. ప్రతి మెట్టుకూ ముందు ఫైళ్లతో పాటు డేటాబేసు బ్యాకప్ కూడా ఉండాలి. కొత్త వెర్షన్ డేటాబేసు పట్టికలను మార్చివేసి ఉంటే, ప్లగిన్ పాత జిప్ ఫైలు తెచ్చి వేసినంత మాత్రాన అవి వెనక్కి రావు. వర్డ్‌ప్రెస్ 6.6తో వచ్చిన, పాత వెర్షన్‌కు వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ కూడా ఆటో అప్‌డేట్లకే, అదీ సైటు కూలితేనే పనిచేస్తుంది.

సెట్టింగ్స్‌లో అడ్మిన్ ఈమెయిలు ఎవరిదో ఈ రాత్రికే చూడు. నకలు మీద 8.2 పెట్టాక వచ్చిన లాగ్ ఫైలు నాకు పంపితే ఆదివారం కూర్చుని చదువుతాను.

ఇట్లు,
బాబాయి