ముందు వేడి లెక్క తేల్చుకో బిడ్డా

బిడ్డా,

అయస్కాంత స్ఫటికాల్లో పరమాణు కంపనాల మీద పీహెచ్‌డీ అన్నావు, రామన్ కొలతలూ (లేజర్ వెలుగు వేసి, చెదిరి వచ్చిన వెలుగును బట్టి కంపనాలు కొలవడం) నావే, కంప్యూటర్ లెక్కలూ నావే అన్నావు. చాలా సంతోషమైంది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, కంపనం పౌనఃపున్యాన్ని చూపే పీక్ కదలగానే స్పిన్‌ల వల్లే, అంటే పరమాణువుల్లోని చిన్న అయస్కాంతాల వల్లే, అని రాసెయ్యకు.

ఏ స్ఫటికమైనా వేడెక్కితే సాధారణంగా సాగుతుంది, బంధాలు సడలుతాయి, కంపనాల పౌనఃపున్యం తగ్గుతుంది. అయస్కాంతత్వం లేని వాటిలోనూ ఇంతే. అందుకే నీల్ ఉష్ణోగ్రతకు, అంటే స్పిన్‌ల వరస చెదిరిపోయే ఉష్ణోగ్రతకు, బాగా పైన ఎక్కువ పాయింట్లు తీసుకో. అక్కడ గీసిన గీతను కిందికి పొడిగిస్తే, నీ పాయింట్లు ఎక్కడ దాన్ని వదిలి పక్కకు పోతాయో అక్కడ వెతకాలి స్పిన్ సంగతి.

క్రోమియం ఆక్సైడ్‌తో మొదలుపెట్టు. దాని నీల్ ఉష్ణోగ్రత 307 కెల్విన్, అంటే 34 డిగ్రీలు. మన నల్లగొండలో మే నెల మధ్యాహ్నం ఆరుబయట పెడితే దాని స్పిన్‌ల వరస చెదిరిపోతుంది, డిసెంబరు రాత్రికి మళ్లీ కుదురుకుంటుంది! మాంగనీస్ ఆక్సైడ్‌కు అది 118 కెల్విన్, ద్రవ నైట్రోజన్‌తోనే అందుతుంది. కానీ పరమాణువుల అమరిక మనం తినే ఉప్పులాంటిదే కాబట్టి రామన్‌లో మొదటి శ్రేణి పీకులు, అంటే ఒక్కో కంపనం వల్ల వచ్చేవి, రావు. దానికి ఇన్‌ఫ్రారెడ్ కావాలి, లేదంటే ముంబై ట్రాంబేలో ధ్రువ అణు రియాక్టర్ దగ్గరలా న్యూట్రాన్లు కావాలి.

లేజర్‌తో జాగ్రత్త. నల్లటి శాంపిల్ మీద పవర్ ఎక్కువ పెట్టి రెండు నెలల డేటా పోగొట్టుకున్నా నేను, శాంపిల్‌ను చల్లగా ఉంచే క్రయోస్టాట్ ఒక ఉష్ణోగ్రత చూపిస్తుంటే లేజర్ పడ్డ చుక్క దగ్గర అంతకంటే ఎంతో వేడి. పవర్ సగం చేసి చూడు, పీక్ జరిగితే శాంపిల్ వేడెక్కుతున్నట్టే. స్టోక్స్ (శక్తి తగ్గి వచ్చిన వెలుగు), యాంటీ-స్టోక్స్ (శక్తి పెరిగి వచ్చిన వెలుగు) పీకుల నిష్పత్తితో అసలు ఉష్ణోగ్రత కూడా తెలుస్తుంది.

ఇక లెక్కల సంగతి. పరమాణువు కదిలితే పక్క స్పిన్‌ల మధ్య బంధం కోణం, దూరం మారతాయి, వాటితోపాటే స్పిన్‌లను వరసలో పెట్టే ఎక్స్ఛేంజ్ బలమూ మారుతుంది, అందుకే స్పిన్‌ల అమరికను బట్టి కంపనం గట్టిపడొచ్చు, మెత్తబడొచ్చు. కాబట్టి డీఎఫ్‌టీలో (ఎలక్ట్రాన్ల లెక్క వేసే కంప్యూటర్ పద్ధతి) స్పిన్ లేకుండా ఫోనాన్లు, అంటే స్ఫటిక కంపనాలు, వేసి సరిపెట్టుకోవద్దు. స్పిన్‌లన్నీ ఒకే వైపున్న ఫెర్రో అమరికకు ఒకసారి, ఎదురెదురుగా ఉన్న యాంటీఫెర్రోకు ఒకసారి వేసి తేడా చూడు. అది సున్నా కెల్విన్ లెక్క, గది ఉష్ణోగ్రత డేటా పక్కన పెట్టి కలవలేదని టెన్షన్ పడకు, నీ అతి చల్లటి కొలతతో పోల్చు.

దసరాకు వచ్చేటప్పుడు గ్రాఫులు తీసుకురా. 307కు ఇటూ అటూ రెండేసి డిగ్రీలకు ఒక పాయింట్, పైన 500 దాకా ఇరవయ్యేసి డిగ్రీలకు ఒకటి ఉండాలి.